దొరలను తరిమిన కరపత్రం

బెజవాడ, అచ్చాఫీసు మేడ

నా దేశం గురించి నాకు తెలియని సంగతులు చాలావరకు బెజవాడలోనే తెలుసుకున్నాను. నా దేశమంటే బస్తరు సంస్థానం. నేను అక్షరాలు పేర్చే కంపోజిటరుగా పనిచేసే అచ్చాఫీసు మేడ మీద రోజూ సాయంత్రం ఎర్రజెండా మిత్రులు చేరేవారు. వాళ్ళలో బస్తరు గడ్డ మీద కాలు పెట్టినవాడు ఒక్కడూ లేడు. అయినా బస్తరు విషయంలో రెండు పార్టీలుండేవి. ఒక పార్టీ లెక్కన మా దేశంలో నీది నాది అన్న మాటే లేదు, అందరూ కలిసి వేటాడి కలిసి తింటారు, లోకం మొత్తం చివరికి చేరవలసిన చోటికి మేం ముందే చేరి కూర్చున్నాం. రెండో పార్టీ లెక్కన అక్కడున్నవాళ్ళంతా బానిసలే, తాము బానిసలమని తెలియనంత బానిసలు. ఈ రెండు పార్టీలూ గొంతులు చించుకునేవి. నేను పక్కనే నిలబడి టీ అందించేవాణ్ణి. "ముత్తయ్యా, ఇందులో అల్లం వేయించావా?" అని తప్ప నన్ను ఇంకో ప్రశ్న అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

న్యాయం చెప్పాలంటే రెండో పార్టీ చెప్పేదాంట్లో సగం నిజం. రోడ్డు వెయ్యాలంటే మా మగవాళ్ళు ఇంటి గింజలు మూటగట్టుకుని వెట్టికి పోవలసిందే. అడవి ఆఫీసరు దిగే అడవి బంగళాకు కోళ్ళూ కట్టెలూ ఊరికే ఇవ్వవలసిందే. వాళ్ళు ఈ సంగతి పుస్తకాల్లో చదివి పళ్ళు కొరికేవారు. నాకు చిన్నప్పటినుంచీ తెలిసి తెలిసి కోపం అరిగిపోయింది. అందుకే వాళ్ళను వెక్కిరిద్దామని నోరు తెరిచినప్పుడల్లా కొంచెం సిగ్గేసేది.

మేడ మీది పెద్ద శేషగిరిగారు. నైజాంలో వందల ఎకరాల ఇంట పుట్టి, తండ్రితో పోట్లాడి, కట్టుబట్టలతో బెజవాడ వచ్చిన మనిషి. కట్టుబట్టలంటే రెండు పెట్టెల కట్టుబట్టలు. మనుషులంతా సమానమని నాకు నేర్పింది ఆయనే. నేర్పేటప్పుడు ఆయన నన్ను 'నువ్వు' అనేవారు, నేను ఆయన్ని 'మీరు' అనేవాణ్ణి.

యుద్ధం ఆగిన మరుసటి ఏడు, కార్తీకం వస్తుందనగా, ఆయన మా దేశ ప్రజల కోసం ఒక కరపత్రం రాశారు. మా దేశంలో చదవగలిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలోనూ తెలుగు చదివేవాళ్ళు తక్కువ. ఆ సంగతి ఆయనకు అడ్డం రాలేదు. ఎర్రసిరాలో, పెద్ద టైపులో నేనే కంపోజు చేశాను. "అడవి బిడ్డలారా! అడవి మీది. దొరలను అడవి నుంచి తరిమికొట్టండి!" అని దాని సారం.

ఇక్కడ చిన్న పేచీ ఉంది. శేషగిరిగారి ఊళ్ళో దొర అంటే భూస్వామి. బెజవాడలో దొర అంటే తెల్లవాడు. మా ఊళ్ళో దొర అంటే మేమే. మా కులం పేరే అది. కొందరు కోయదొరలంటారు, కొందరు దోర్లలంటారు. ఒంటి మీద గోచి తప్ప లేనివాడు కూడా మా దగ్గర దొరే. నా పూర్తి పేరు ముత్తయ్య దొర. అచ్చాఫీసులో చేరిన రోజు ఈ పేరు చెబితే ఫోర్‌మన్ లేచి నిలబడి వంగి దండం పెట్టి, "ఏ ఎస్టేటు దొరవారు?" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మర్నాటికల్లా నేను ఉత్త ముత్తయ్యనయ్యాను. దొరలను తిట్టే మేడ కింద దొర అన్న తోకతో బతకడం కష్టమని నాకు త్వరగానే బోధపడింది.

కంపోజిటరు అక్షరాలు చూస్తాడు గాని అర్థం చూడడని అంటారు. అబద్ధం. నేను చూశాను. ఆ మాట పేరుస్తుంటే నవ్వు కూడా వచ్చింది. ఇది మా ఊళ్ళో చదివితే మమ్మల్నే తరమమన్నట్టుంటుందని చెప్పాలంటే నా తోక బయటపెట్టాలి. ఎలాగూ ఈ కాగితాలు మేడ దిగవు, వీళ్ళే రాసుకుని వీళ్ళే చదువుకుంటారు అనుకుని నోరు మూసుకున్నాను. వారం తిరక్కుండానే శేషగిరిగారు రెండు కట్టలు సంచిలో పెట్టుకుని, "పద ముత్తయ్యా, మీ దేశం పోదాం. నువ్వే దుబాసివి" అన్నారు.

మాది ఒకసారి లేచిపోయిన ఊరు. మా తాతల నాడు సర్కారు అడవికి గీత గీసి, గీత లోపల పడిన ఊళ్ళను లేపేసింది. ఆ రోజు వచ్చిన కాగితంలో ఏముందో చదివే దిక్కు మా ఊళ్ళో లేకపోయింది. అందుకే ఊరంతా కూర్చుని ఆలోచించి నన్ను మిషను బడికి పంపారు. మళ్ళీ కాగితం వస్తే చదవడానికి ఒకడుండాలని. ఇప్పుడు ఆ ఒకడే కాగితం అచ్చువేసి మోసుకుపోతున్నాడు.

రాజమండ్రి రేవు

రాజమండ్రిలో పూటకూళ్ళ భోజనం ఆరణాలు. గోంగూర బాగుంది, మజ్జిగ నీళ్ళు. శేషగిరిగారు వడ్డించే అయ్యర్ని "మీకు సంఘం ఉందా?" అని అడిగారు. అయ్యరు "సాంబారే ఉందండీ" అన్నాడు.

లాంచీలో మా పక్కన ఒక ఉప్పు సావుకారు కూర్చున్నాడు. ఉప్పు, పొగాకు వేసుకుని బస్తరులో కోంట, కిష్టారం సంతలకు పోతాడట. అక్కడ సోలెడు ఉప్పుకు సోలెడు సారపప్పు తీసుకుని కిందికి తెస్తాడట. ఈ మాట వినగానే శేషగిరిగారి కళ్ళు మెరిశాయి. పుస్తకంలో చదివిన దోపిడీదారు ప్రాణాలతో, పైగా పులిహోర పొట్లంతో ఎదురుగా కూర్చున్నాడు. ఆయన పాపికొండల దాకా సావుకారుకు దోపిడీ అంటే ఏమిటో విడమరచి చెప్పారు. సావుకారు తలాడిస్తూ విని, "మీరన్నది నిజమే బాబూ, కాస్త పులిహోర పుచ్చుకోండి" అన్నాడు. శేషగిరిగారు పుచ్చుకున్నారు. నేనూ పుచ్చుకున్నాను. ఇంగువ ఘుమాయించింది.

కొండలు రెండుపక్కలా దగ్గరికి జరిగినచోట అందరూ మాటలాపి తలెత్తి చూశారు. నాకు మాత్రం సంచీ మీదే ధ్యాస. పడవ వంపు తిరిగినప్పుడు అది నీళ్ళలో పడితే బాగుండునని రెండుసార్లు అనుకున్నాను. ఒకసారి కాలితో కొంచెం నెట్టాను కూడా. సావుకారు చూసి, "సంచి పడిపోతుంది నాయనా" అని లోపలికి లాగి పెట్టాడు.

కూనవరం

శబరి గోదావరిలో కలిసేది ఇక్కడే. గోదావరి బురద రంగు, శబరి నల్లగా తేట. రేవులో లాంచీ దిగి నాటుపడవ ఎక్కాం. సావుకారూ మాతోనే. బస్తరు సరిహద్దు వచ్చినప్పుడు చెప్పమని శేషగిరిగారు పడవవాణ్ణి ఒకటికి నాలుగుసార్లు అడిగారు. పీడిత ప్రజల గడ్డను చూడగానే ఏమనిపిస్తుందో డైరీలో రాసుకోవాలట.

"ఏంది అయ్యా కనిపించేది? అటు చెట్లే, ఇటు చెట్లే" అన్నాడు పడవవాడు.

"మరి నీకెలా తెలుస్తుంది?"

"ఇటుపక్క దిగి చుట్ట కాలిస్తే ఎవడూ అడగడు. అటుపక్క దిగితే సిపాయి వచ్చి నాకొకటి ఇయ్యమంటడు. గదే బస్తరు."

శేషగిరిగారు డైరీ మూసేశారు. నేను ఆరేళ్ళ తర్వాత మా ఒడ్డు చూస్తున్నాను. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఎవరైనా చూస్తారేమోనని మొహం కడుక్కున్నాను.

కోంట నాకా

సరిహద్దులో మూటలు తనిఖీ చేసే ఆ నాకాలో ఒకడే సిపాయి. హిందీ తప్ప రాదు. "ఇస్ మే క్యా హై?" అని సంచి విప్పించి, ఎర్రసిరా కాగితాలు చూసి కనుబొమలు ముడిచాడు. శేషగిరిగారి మొహం పాలిపోయింది. పట్టుబడితే జగదల్‌పూరు జైలు. జైళ్ళను గురించి ఆయన చాలా రాశారు గాని, ఏ జైలూ ఇంకా చూడలేదు.

నాకు మెరుపులా ఆలోచన వచ్చింది. ఎర్రసిరా, పెద్ద అక్షరాలు. "శాదీ కా కార్డ్ హై, సాబ్" అన్నాను.

"కిస్ కా?"

శేషగిరిగారి వైపు చూపించాను. నలభై దాటిన మనిషి, బట్టతల, ఇద్దరు పిల్లల తండ్రి, తల వంచుకుని కాస్త సిగ్గుపడ్డారు కూడా. సిపాయి పకపకా నవ్వి, పెళ్ళికొడుకు వీపు తట్టి, ఒక కార్డు తనకు కావాలని పట్టుపట్టాడు. ఇవ్వక ఏం చేస్తాం? దాన్ని మడిచి తలపాగాలో దోపుకున్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. సావుకారు మా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుగు చదవడం వచ్చు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

కోంటలో మంచం మీద

మర్నాడు సంతలో శేషగిరిగారు ఎర్రచీమల పచ్చడి తిన్నారు. వద్దన్నాను. ఎర్రవి కనక కాదనలేకపోయారు. ఆకులో పెట్టి ఇచ్చిన ముసలమ్మ డబ్బులు తీసుకోకుండా చిటికెడు ఉప్పు అడిగింది. ఈ ముక్క విని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పచ్చడి పులుపు వల్ల కాదని ఆయనే చెప్పారు. ఆ రాత్రినుంచి ఆయనకు కడుపు జాడించింది. మా చుట్టాల ఇంట మూడు రోజులు మంచం పట్టారు. అంబలి తాగించి, వెదురుతడక చాటున ఆయన కోసం నీళ్ళు మోసింది నేనే. "కామ్రేడ్, నీ రుణం తీర్చుకోలేను" అన్నారు నీరసంగా. నన్ను కామ్రేడ్ అనడం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, సంతోషమేసింది. ఆ సంతోషంలో దొర మాట చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా ఆయన మళ్ళీ తడక చాటుకు పరుగెత్తారు.

ఆ మూడు రోజుల్లో ఉప్పు సావుకారు ఎడ్లబండి కట్టుకుని మా కంటే ముందు కిష్టారం సంతకు వెళ్ళిపోయాడు.

కిష్టారం దారి

కిష్టారానికి ఇటువైపు ఒక చిన్న ఊళ్ళో ఎండ తగ్గేదాకా ఆగాం. జీలుగు చెట్టు కింద పదిమంది కూర్చుని కల్లు తాగుతున్నారు. ఒకే సొరకాయ బుర్ర చేతులు మారుతోంది. మాకూ ఆకుదొప్పల్లో పోశారు. శేషగిరిగారి మొహం వికసించింది. "చూశావా ముత్తయ్యా, చెట్టు అందరిదీ, కల్లు అందరిదీ. మన మేడ మీద మొదటి పార్టీవాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం."

ఆ మాట కాస్త తెలుగు వచ్చిన ఒక ముసలాయనకు చెప్పి, "ఈ చెట్టు మీ అందరిదీ కదా?" అని అడిగారు.

"అందరిదేంది?" అన్నాడు ముసలాయన. "ఇది నా బామ్మర్ది చెట్టు. వాడు పిలిస్తే తాగుతన్నం. పిలవకుండ చెట్టెక్కితే గొడ్డలి తీసుకొస్తడు. పోయినేడు ఒకని కాలు నరికిండు."

"మరి భూమి?"

"భూమి మాదే. కాదనేటోడు అడవి బంగళాల ఉంటడు."

రెండు పార్టీలకూ చెరో సగం మార్కులు. శేషగిరిగారు దొప్పలో మిగిలింది గుటుక్కున మింగి, ఇక్కడ కరపత్రం పంచుదామన్నారు. నేను గతుక్కుమన్నాను. ఇక్కడెవరికీ చదవడం రాదు, మా ఊళ్ళో పంచుదాం అని ఆపాను. అక్కడైతే బావ ఉన్నాడు, అక్క ఉంది, ఏదో ఒకటి సర్దవచ్చని నా ధైర్యం. ముసలాయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ఆ ఊరికా పోతన్నరు? తొందరగ పోండ్రి. ఉంటరో ఉండరో" అన్నాడు. ఏమిటని అడిగితే బుర్ర నోటి దగ్గర పెట్టుకున్నాడు.

మా ఊరు

మర్నాడు మధ్యాహ్నానికి చేరాం. చేల నిండా వరి పండి బంగారంలా వంగి ఉంది. వారం పది రోజుల్లో కోతలు. అలాంటి రోజుల్లో చేలల్లో మంచెల మీద పిట్టల్ని తోలే కేకలుండాలి. ఒక్క కేక లేదు. ఊళ్ళోకి వెళ్తే ప్రతి వాకిట్లో మూటలు. గంపల కింద కోళ్ళు. ఎవరో పైకప్పు దూలాలు ఊడదీస్తున్నారు. మగవాళ్ళంతా గొడ్డళ్ళు భుజాన వేసుకుని వేల్పుగుడిసె ముందు గుమిగూడి ఉన్నారు. మా దగ్గర ఊరు లేచిపోయేటప్పుడు వేల్పును కూడా దించి మోసుకుపోతాం. వేల్పును దించితే ఇక ఆ ఊరు లేనట్టే.

శేషగిరిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "చూశావా ముత్తయ్యా, జనం కదిలారు. గొడ్డళ్ళు పట్టారు. మన కరపత్రం మనకంటే ముందే వచ్చింది."

ఆఖరి ముక్క మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

మా బావ సమ్మయ్య నన్ను చూసి గుంపులోంచి వచ్చాడు. ఊరికి పెద్ద ఆయనే. మామూలుగా అయితే నా జుట్టు పీకి, "ఏంది బామ్మర్దీ, బెజవాడల పెండ్లాం దొరకలేదా" అని ఎకసెక్కం ఆడేవాడు. ఆ రోజు నా భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు. తర్వాత చెప్పాడు. "కాగితం వచ్చింది. దొరలను అడవిల నుంచి తరిమికొట్టుమని ఉన్నదంట. కోంట నాకా సిపాయి ఇచ్చిండంట. ఉప్పు సావుకారు కిష్టారం సంతల గట్టిగ చదివిండు. మనోళ్ళంత విన్నరు."

"సావుకారు ఇంకేమన్నాడు?"

"ఏమంటడు? నేను చదివిన గంతే, ఉన్నదే చదివిన అన్నడు. మేకలు, కోళ్ళు మోసుకపోలేరు గద, నేను తీసుకుంట అన్నడు. సగం ఊరు ఆయనకే ఇచ్చిండ్రు. మేకకు మానెడు ఉప్పు."

సావుకారు గురించి లాంచీలో శేషగిరిగారు చెప్పిన సిద్ధాంతం ఈ విధంగా రుజువైంది. రుజువుకు మేకలిచ్చింది మా ఊరు.

మా అక్క కన్నమ్మ అటక మీది కుండలు దించుతోంది. నన్ను చూసి కుండ కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. మొహంలో ఒక్కసారి వెలుగొచ్చింది. "చదివేటోడొచ్చిండు" అని గుడిసె ముందున్నవాళ్ళకు కేకేసింది. "ఇగ ఆగుండ్రి. మన ముత్తి చదివి చెప్తడు, అప్పుడు దించుండ్రి వేల్పును."

ఎవరో మడతలు పడ్డ ఎర్రసిరా కాగితం నా చేతికిచ్చారు. పొగాకు వాసన వేస్తోంది. ఊరంతా చుట్టూ చేరింది. నేను చదువు నేర్చుకున్నది ఈ ఒక్క ఘడియ కోసమే. కాగితం మడతలు విప్పాను.

అబద్ధం చదవవచ్చు. వాళ్ళకు అక్షరాలు రావు, శేషగిరిగారికి మా మాట రాదు. పెళ్ళి కార్డని నాకాలో అన్న నోటికి ఇక్కడ ఇంకోటి అనడం ఎంతసేపు? కాని అక్క నా నోటికేసి చూస్తోంది. "ఇది సర్కారు కాగితం కాదు" అన్నాను. "దీన్ని బెజవాడలో అచ్చువేశారు. ఒక్కో అక్షరం ఏరి పేర్చింది నేనే. అక్కడ దొరలంటే మనం కాదు. భూములు లాక్కునేవాళ్ళు, వెట్టి చేయించేవాళ్ళు. వాళ్ళను పొమ్మని ఈయన రాశారు. మనల్ని పొమ్మని కాదు."

తర్వాత అక్క అడిగింది. "దొర అంటె మనమే అని నీకెరుకే గద?"

"ఎరుకే."

"ఎరుకై ఎందుకు పేర్చినవ్?"

అక్కకు జవాబు చెప్పాలి. "అక్కడ నేను దొరనని ఎవరికీ చెప్పలేదు అక్కా. చెబితే నవ్వుతారని."

అక్క నన్ను కొట్టినా బాగుండేది. కింద పెట్టిన కుండ తీసుకుని మళ్ళీ అటక మీద పెట్టింది. ఇంకో కుండ పెట్టింది. అలా అన్నీ పెట్టింది. నా వైపు చూడలేదు.

ఏ గట్టు?

ఈ సంగతంతా శేషగిరిగారికి తెలుగులో చెప్పవలసి వచ్చింది. ముందు నా పేరు చెప్పాను, తోకతో సహా. ఆయన నోరు తెరుచుకుని విన్నారు. "నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నారు. "మీరు అడగలేదండీ" అన్నాను. కోపంతో అన్నాను. అది సగం నిజమే. అడక్కపోయినా చెప్పవలసిన మాట అది.

శేషగిరిగారు ఊరి ముందు నిలబడి క్షమించమని అడగబోయారు. మా బావకు ఉపన్యాసాలు గిట్టవు. మధ్యలోనే ఆపి, "మీరెవ్వరు? మీ ఇంటికాడ మిమ్ముల ఏమని పిలుస్తరు?" అని సంతలో నేర్చిన తెలుగులో నేరుగా ఆయన్నే అడిగాడు.

శేషగిరిగారు చాలాసేపు నేల చూశారు. మేడ మీది తెలుగు జారిపోయి ఇంటి తెలుగు బయటికొచ్చింది. "మా ఇంట్ల పాలేర్లు నన్ను చిన్నదొర అంటరు."

నేను అనువదించకుండానే ఊరికి అర్థమైంది. బావ మొహం విచ్చుకుంది. "ఓహో, దొరేనా? మరి ముందే చెప్పొద్దా? ఏ గట్టు?"

మా దొరల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని ఉంటాయి. గట్టు చెబితే అన్నదమ్ములో, బావమరుదులో తేలిపోతుంది. తేలితే గాని మా దగ్గర పక్కన కూర్చోబెట్టుకోరు. పాపం శేషగిరిగారికి ఏ గట్టూ లేదు. వర్గాలు తెలుసు, గట్లు తెలియవు. బావ తలగోక్కుని, గట్టు మరిచిపోయిన దొర అని తీర్పిచ్చి, ఆకు వేయించాడు. కొత్త ధాన్యం ఇంకా ఇంటికి రాలేదు గనక పాత జొన్నల అన్నం, చింతపండు పులుసు. శేషగిరిగారు తల వంచుకుని తిన్నారు. డైరీ తీయలేదు. బెజవాడ తిరిగొచ్చాక రాసిన వ్యాసంలో కూడా మా ఊరు లేదు. ఆ మేరకు ఆయన్ని నేను గౌరవిస్తాను.

మిగిలిన కరపత్రాల కట్టలు రెండూ ఆ సాయంత్రం పొయ్యిలోకి వెళ్ళాయి. మూటలు విప్పారు. వేల్పును దించలేదు. ఊరు నిలబడింది.

ఒక ఇల్లు మాత్రం అప్పటికే ఖాళీ. ఎర్రయ్య తాత ఇల్లు. మొదటిసారి ఊరు లేచిపోయిన రోజు ఆయనకు పదేళ్ళట. కాగితం మాట వినగానే ఎవరి కోసమూ ఆగకుండా కొడుకులతో, కోడళ్ళతో, మనవలతో సరిహద్దు దాటి చర్ల వైపు వెళ్ళిపోయాడట. నన్ను మిషను బడికి భుజాన మోసుకెళ్ళింది ఆ తాతే. దారి పొడుగునా చెట్ల పేర్లు చెప్పించి, తప్పు చెబితే తొడపాశం పెట్టేవాడు.

తాత చేను

తాతను వెనక్కి పిలుచుకు రమ్మని బావ తమ్ముణ్ణి చర్ల దారిన పంపారు. అతను తిరిగొచ్చేదాకా నేనూ శేషగిరిగారూ ఉండిపోయాం. తాత వరి ఊరందరి కంటే ముందు పండింది, గింజ రాలుతోంది. మేం కోస్తామన్నాను. శేషగిరిగారు కొడవలి పట్టుకుని మొదటి గంటలోనే వేలు కోసుకున్నారు. నా చేతులు కూడా సీసపు అక్షరాలకు అలవాటు పడి కొడవలిని మరిచిపోయాయి. ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి మా ఇద్దర్నీ చూసి కడుపారా నవ్వారు. దొరలకు కోతలు రావు అని ఒకామె అంది. అన్నది కూడా దొరసానే. నాలుగో రోజుకు నవ్వులు తగ్గాయి, చేను సగం ఒరిగింది. అక్క అంబలి తెచ్చి ఇచ్చేది గాని నాతో మాట్లాడేది కాదు.

ఐదో రోజు బావ తమ్ముడు ఒక్కడే తిరిగి వచ్చాడు. అక్కతో ఏదో చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. అక్క చేలోకి వచ్చి, నేను కోసిన పనల పక్కన కూర్చుని, నన్ను కూర్చోమంది.

"తాత దొరికిండు" అంది. "కాగితం ఉత్తదే, రమ్మని చెప్పిండంట. తాత ఏమడిగిండో ఎరుకనా? ముత్తి ఊళ్ళె ఉన్నడా అని అడిగిండంట. ఉన్నడు, వాడే తెచ్చిండు అని ఈడు చెప్పిండు. అట్లయితే కాగితం నిజమే, మనం చదివించినోడే తెచ్చిండు గద, ఇగ అబద్ధం ఎట్లయితది అన్నడంట."

నేను చేతిలోని కొడవలి పక్కన పెట్టాను.

"నువ్వు ఊళ్ళె ఉన్నన్నాళ్ళు తాతకు కాగితం ఉన్నట్టే. నువ్వు ఊరిడిసి పోతె వస్తడు" అంది అక్క. "నువ్వు కొన్నాళ్ళు ఇటు రాకు తమ్మీ."

కోపంగా అనలేదు. నేను ఊరికి వచ్చాక అక్క నన్ను తమ్మీ అని పిలవడం అదే మొదటిసారి. నేను ఆ పూటే బయల్దేరాను. మధ్యాహ్నపు ఎండలో శేషగిరిగారు సంచి తనే భుజాన వేసుకున్నారు. బావ ఊరి చివరిదాకా వచ్చి ఆగిపోయాడు. అక్క నేను కోసిన పనలోంచి రెండు గుప్పిళ్ళ వడ్లు దులిపి నా పైపంచె కొంగున ముడివేసింది. మామూలుగా అయితే మళ్ళీ ఎప్పుడొస్తవని పదిసార్లు అడిగేది. ఆ రోజు ముడి గట్టిగా ఉందా లేదా అని మాత్రం చూసింది.